కుడిపక్క కిటికీ

1428 ఏప్రిల్ 12, పిస్తోయా

ఈ రోజు బర్నాబాగారు మా పటాల కొట్టుకు వచ్చారు. ఉన్నిబట్టల వర్తకుడు, మరియమాత భక్తుల సభకు పెద్ద. పునీత లూసీ గుడిలో సభవారి పీఠం మీదికి పటం కావాలన్నారు. మరియమ్మ, ఒళ్లో బాలయేసు, వెనకంతా మేలిమి బంగారం. ఆగస్టు పదిహేను, మరియమ్మ మోక్షారోపణ పండుగ నాటికి పీఠం ఎక్కాలి.

మా పెద్ద తమ్ముడి పేరు మినియాతో. వాడు తల ఊపాడు. నాన్న పోయాక కొట్టు నడిపేది వాడే. బొమ్మలు వాడు వేస్తాడు, బంగారం నేను అంటిస్తాను. నాన్న ఉన్నప్పటినుంచీ, ముప్ఫయి అయిదేళ్లుగా నా పని అదే.

లాపో లేచి, బంగారం ఎందుకండీ అన్నాడు. వాడు మా ఆఖరి తమ్ముడు. మూడేళ్లు ఫ్లోరెన్స్‌లో పనిచేసి మొన్న క్రిస్మస్‌కు ఇల్లు చేరాడు. ఒక కాగితం తెచ్చి చూపించాడు. రాతి కుర్చీలో కూర్చున్న ఆడమనిషి, ఒళ్లో బిడ్డ. వెనక గోడ, గోడ పైన ఆకాశం. ఒక పక్కనుంచి వెలుగు, రెండో పక్కన నీడ.

ఆకాశం బయట బోలెడుంది, దాన్ని చూడ్డానికి గుడికెందుకు రావాలయ్యా అన్నారు బర్నాబాగారు. మినియాతో నవ్వాడు. ఫ్లోరెన్స్‌లో ఇప్పుడందరికీ నీడల పిచ్చి పట్టిందండీ, మావాడికీ అంటుకుంది, వేడినీళ్లతో కడిగినా వదలడం లేదు అన్నాడు.

కాని బర్నాబాగారు ఆ కాగితం వాకిట్లోకి తీసుకెళ్లి చాలాసేపు చూశారు. చివరికి ఇలా తేల్చారు. లాపో తనకు నచ్చినట్టే వెయ్యొచ్చు. పండుగనాడు సభ ఆడవాళ్లు దాని ముందు మోకరించి ప్రార్థన చేసుకోగలిగితే పటం ఉంటుంది. లేకపోతే గీకేసి మళ్లీ బంగారమే. అప్పుడు కుంచె పట్టేది మినియాతో ఒక్కడే.

అలా అయితే నేను ఫ్లోరెన్స్ వెళ్లిపోతాను, మళ్లీ ఈ గడప తొక్కను అన్నాడు లాపో. అందరి ముందూ అన్నాడు. పోరా, దారి తెలుసుగా అన్నాడు మినియాతో.

మహమ్మారి వచ్చిన ఏడు అమ్మ పోతూ మూడేళ్ల లాపోని నా ఒళ్లో పెట్టింది. వీళ్లిద్దరూ ఒకే బల్ల దగ్గర తినేలా చూడమంది. ఇరవై ఎనిమిదేళ్లు చూశాను. ఇంకా చూస్తాను.

ఏప్రిల్ 13

బల్ల దగ్గర ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఉప్పు కావలసినా నన్నే అడిగారు.

ఏప్రిల్ 30

చెక్క పలకకు సుద్దపూత ఎనిమిదిసార్లు వేశాను. ఆరాక ఇనపరేకుతో గీకి, దంతంలా నున్నగా తెచ్చాను. మామూలుగా దీని తర్వాత ఎర్రమట్టి పూస్తాను. దాని మీద నోటితో ఆవిరి ఊది బంగారు రేకు పరుస్తాను. ఆ ఊపిరికే రేకు అతుక్కుంటుంది. ఊదినప్పుడల్లా మనసులో మరియా అనుకోవడం నా అలవాటు. పెద్ద పటానికి రెండువందల రేకులు, రెండువందల మరియలు.

ఈసారి తల్లి తల చుట్టూ ఒక వలయం, బిడ్డ తల చుట్టూ ఒకటి. అంతే. పదహారు రేకులు.

రేకుకీ రేకుకీ మధ్య కాగితం పెట్టి పంపిస్తారు. ఆ కాగితాల మీదే నేను రాసుకునేది. బంగారం తగ్గితే నా మాటలూ తగ్గుతాయి. పరవాలేదు. నేనెప్పుడూ ఎక్కువ మాట్లాడే మనిషిని కాను.

మే 9

పక్కింటి చీలియా గుడ్లు తెచ్చింది. పడుచు ముఖాలకు రంగు కలపాలంటే పట్నం కోళ్ల గుడ్లే కావాలి, వాటి సొన పాలిపోయి ఉంటుంది. పల్లె కోళ్ల సొన ఎర్రన, ముసలివాళ్ల ముఖాలకు పనికొస్తుంది. ఈ వీధిలో అందరికీ అది తెలుసు. నా కోళ్లు పెట్టిన గుడ్లన్నీ మీ మరియమ్మే మింగేస్తోందే అని చీలియా పాత ఎకసెక్కం. ఇవాళ కొత్తది తెచ్చింది. బంగారం లేదటగా, ఇంకేం పనే నీకు, నాతో వచ్చి కోళ్లకు గింజలు చల్లు అంది.

వస్తాను, ముందు నీ కోళ్లకు కూయడం మానమని చెప్పు అన్నాను.

అది వెళ్లాక బంగారానికి మెరుగుపెట్టే కుక్కపన్ను తీసి చూశాను. దాని కర్రపిడి నా బొటనవేలి కింద గుంటపడింది. అది నాన్నది. గుంట మాత్రం నాది. గుడ్డలో చుట్టి లోపల పెట్టాను.

మే 27

ఇవాళ నన్ను కూర్చోబెట్టాడు లాపో. ఒళ్లో బార్లీ మూట. బిడ్డ బరువుకి బట్ట ఎక్కడ నొక్కుకుంటుందో, మోకాళ్ల మధ్య ఎలా జారుతుందో చూడాలట. మా కొట్టుకు ఎడమచేతి వైపు కిటికీ, కుడిచేతి వైపు వీధి వాకిలి. వాకిలి మూసి కిటికీ తెరిచాడు. వెలుగంతా ఒక పక్కనుంచే రావాలన్నాడు. రెండు గంటలు కదలనివ్వలేదు.

బార్లీమాతా, మా కోసం ప్రార్థించుము అన్నాడు మినియాతో అటు తిరిగి. దేవుడితో ఎకసెక్కాలొద్దు అన్నాను. దేవుడితో కాదక్కా, మూటతో అన్నాడు.

కాళ్లు తిమ్మిరెక్కాయి. బరువు మోస్తున్న ఒడి ఎలా ఉంటుందో ఇన్నేళ్లలో ఎవరైనా వేశారా అనుకున్నాను. మా మరియమ్మలు బంగారంలో తేలుతుంటారు. వాళ్ల బిడ్డలకు బరువుండదు. అది తప్పని ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడూ తోచడం లేదు. కాని లాపోని నేను మోశాను. వాడు బరువుగానే ఉండేవాడు.

జూన్ 13

మరియమ్మ ముఖం మొదలుపెట్టాడు లాపో. కింద పచ్చమట్టి రంగు, దాని మీద గులాబి. చూసేవాళ్లకు ఎడమవైపు చెంప మీద కిటికీ వెలుగు, కుడివైపు చెంప నీడలో. కుర్చీ నీడ నేల మీద కుడికి పడింది. అక్కడ కాలు పెడితే చల్లగా ఉంటుందనిపించింది.

మినియాతో దగ్గరికి రాడు. నీళ్లకని లేచి దాని ముందునుంచే వెళ్తాడు. ఇవాళ అయిదుసార్లు దాహం వేసింది వాడికి.

జూన్ 14

వలయాలు పూర్తిచేశాను. పదహారు మరియలు. ఉంగరంలా సన్నగా వెయ్యమన్నాడు లాపో. సన్నగానే వేశాను. మినియాతో తనంతట తనే వచ్చి అంచున చుక్కలు కొట్టాడు. ఎవరూ అడగలేదు.

జూలై 5, మధ్యాహ్నం

ఇద్దరూ బయటికి వెళ్లారు. పటం ముందు మోకరించాను. దాచకుండా రాస్తాను. ప్రార్థన రాలేదు. కళ్లు మోకాళ్ల మీదికే పోయాయి. ఈవిడ ఎంతసేపటినుంచి కూర్చుందో, వీపు నొప్పి పుట్టదా అనుకున్నాను. తర్వాత తోచింది, ఇన్నేళ్లలో మరియమ్మ బాగోగులు నేను అడగడం ఇదే మొదటిసారి. ఎప్పుడూ ఆమెనే నా బాగోగులు చూడమన్నాను.

అది ప్రార్థన కిందికి వస్తుందో రాదో ఫాదర్‌గారిని అడగాలి.

జూలై 24, పొద్దుటి పూజ తర్వాత

సభవారి పీఠం ముందు నిలబడి ఉన్నాను. ముప్ఫయ్యేళ్లుగా నా చోటు అదే. ఎప్పటిలాగే నా కుడి చెవి వెచ్చబడింది. ఎండాకాలం పొద్దుట అలాగే వెచ్చబడుతుంది.

కుడి చెవి.

కిటికీ కుడిపక్కన ఉంది. పీఠానికి ఎదురుగా నిలబడితే వెలుగు కుడిచేతి వైపునుంచి వస్తుంది. మావాడు వేసిన పటంలో ఎడమనుంచి వస్తుంది. మా కొట్టు కిటికీ ఎక్కడుందో అక్కడినుంచి. దాన్ని తెచ్చి ఇక్కడ పెడితే ఆమె నీడ కిటికీ వైపు పడుతుంది. ఇదేమిటని ఎవరూ పేరుపెట్టి చెప్పలేరు. కాని ఏదో అబద్ధమని అందరికీ తెలుస్తుంది. అబద్ధం ముందు ఎవరు మోకరిస్తారు?

బంగారానికి ఈ బాధ లేదు. ఏ కిటికీ ఎటున్నా, ఏ కొవ్వొత్తి ఎక్కడ పెట్టినా అది ఆ వెలుగు పుచ్చుకుంటుంది. మా నాన్న, ఆయన నాన్న, ఎవరూ గుడిలో కిటికీ ఎటుందని అడిగి ఎరగరు. అడగవలసిన పని పడలేదు.

ఇది కూడా రాస్తాను. ఒక పరలోక జపం చెప్పుకునేంతసేపు, ఊరుకుంటే ఏమవుతుందని ఆలోచించాను. ఊరుకుంటే పటం తిరిగొస్తుంది. రెండువందల రేకులు వస్తాయి. కుక్కపన్ను బయటికి వస్తుంది.

లాపో వెళ్లిపోతాడు.

జపం అయిపోయింది. ఇంటికి వచ్చాను.

జూలై 24, సాయంత్రం

లాపోకి చెప్పాను. ముందు నవ్వాడు. తర్వాత చేతిలో గిన్నె కింద పెట్టి గుడికి పరిగెత్తాడు. వచ్చాక మెట్టు మీద కూలబడ్డాడు. ఫ్లోరెన్స్‌లో నాకు నేర్పిన మొదటి పాఠం అదే అక్కా, ముందు గుడికెళ్లి కిటికీ చూడు అన్నారు, ఇది మన ఊరు, మన గుడి, నాకు తెలియదా అనుకున్నాను అన్నాడు.

క్రిస్మస్ తర్వాత ఒక్కనాడు పూజకు వచ్చినా తెలిసేది నాయనా అన్నాను.

మినియాతో విని బల్ల మీద చేత్తో కొట్టి నవ్వాడు, కళ్లనీళ్లు వచ్చేదాకా. వెలుగు వెలుగని చంపావు కదరా, తీరా అది ఏ పక్కనుంచి వస్తుందో చూసుకోలేదా, మా బంగారం ఎన్నడూ కిటికీ చిరునామా అడగలేదురా అన్నాడు. లాపో నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి మేకుకి తగిలించాడు. రేపే వెళ్తాను అన్నాడు.

రేపు పునీత జేమ్స్ పండుగ, మన ఊరి పండుగ, ఎవరూ ప్రయాణం చెయ్యరు అన్నాను. ఈ ఊళ్లో ఆ రోజు బయల్దేరితే జనం నవ్వుతారు. వాడికీ తెలుసు.

జూలై 26

లాపో బర్నాబాగారి దగ్గరికి వెళ్లాడు, పటాన్ని ఎదుటి గోడ పీఠానికి మార్చవచ్చా అని. అది మాంసం కొట్లవాళ్ల పీఠం, వాళ్లని కదపమని అడగడానికి నాకింకా ప్రాణం మీద తీపి ఉంది నాయనా అన్నారట ఆయన. అయితే ఎడమ గోడకి కిటికీ కొట్టించండి అన్నాడట వీడు. అటువైపు వీధిలో మా వియ్యపురాలి వంటిల్లు ఉంది అన్నారట.

మూట కట్టుకున్నాడు. రేపు పొద్దున్న బయల్దేరుతానన్నాడు. మినియాతో తలెత్తలేదు. కాని పళ్లెంలో శనగలు అలాగే వదిలేశాడు.

జూలై 27, తెల్లవారు గంట మోగాక

అందరికంటే ముందు లేచాను. ఇనపరేకు నూరాను. శిలువ గుర్తు వేసుకుని పటం ముందు నిలబడ్డాను.

చీకటి రంగు మీద వెలుగు రంగు వేస్తే బురదలా అవుతుంది. నీడ వేసిన చోటంతా సుద్దపూత దాకా గీకి, అక్కడినుంచి మళ్లీ రావాలి. పూతకు దెబ్బ తగలకూడదు. ఈ ఇంట్లో ఆ చెయ్యి నాదొక్కదానిదే. ముప్ఫయి అయిదేళ్లు గీకాను. ఎంత లోతుకు ఏముందో నా వేళ్లకు తెలుసు.

కుడి చెంప తీసేశాను. గడ్డం, మెడ, కుడి భుజం నీలం, బిడ్డ వీపు, కుర్చీ పక్క. నేల మీది నీడ కూడా. భయం వెయ్యలేదు. పిండి జల్లించినట్టు రంగు రాలింది.

లాపో మూటతో దిగి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. వాడి వెనక మినియాతో. ఎవరు చేశారిది అన్నాడు మినియాతో. నేనే అన్నాను. సగం ముఖం లేని తల్లిని వదిలేసి ఫ్లోరెన్స్ వెళ్లేవాడెవరో వెళ్లండి, నేను రొట్టె కోస్తాను అన్నాను.

రొట్టె కోస్తున్నాను. వెనకనుంచి మినియాతో గొంతు. మూడు వారాల్లో ఇంత పని నీవల్ల కాదురా, ఒక్క ముక్కు దిద్దడానికే నీకు పదిరోజులు పడుతుంది, నీడ ఎక్కడ కావాలో చెప్పి చావు, ముఖం నేను వేస్తాను అన్నాడు. నీడల పిచ్చి అంటుకుంటుందేమో అన్నయ్యా అన్నాడు లాపో. వేడినీళ్లు పెట్టమను అక్కని అన్నాడు మినియాతో.

మూట గోడకి ఆనించి ఉంది. ఎవరూ విప్పలేదు, ఎవరూ ఎత్తలేదు.

ఆగస్టు 1

కిటికీ మూసి వీధి వాకిలి తెరిచారు, వెలుగు కుడినుంచి రావాలని. నన్ను మళ్లీ కూర్చోబెట్టారు, ఒళ్లో మళ్లీ అదే మూట. వీధి వీధంతా వాకిట్లో చేరింది. వెలుగుకు అడ్డం రాకండని లాపో వాళ్లను గొర్రెల్ని తోలినట్టు తోలాడు.

ఏమే పియెరా, ఈ వయసులో కాన్పేమిటే, తండ్రి పిండిమర వాడేనా అని అరిచింది చీలియా. పోలికలు చూసి నువ్వే చెప్పు అన్నాను. కదలకక్కా అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఒకేసారి అన్నారు.

మినియాతో ముఖం వేస్తుంటే లాపో పక్కన నిలబడి, ఇంకా ముదురు, ఇంకా ముదురు అంటాడు. మసి పూసినట్టుందిరా అంటాడు వీడు. వెయ్యి అన్నయ్యా, వేసి రెండడుగులు వెనక్కొచ్చి చూడు అంటాడు వాడు. వెనక్కొచ్చి చూశాడు. మళ్లీ వెళ్లి ఇంకొంచెం ముదురు చేశాడు.

వలయాలు మాత్రం దిద్దక్కర్లేదు. వెలుగు ఎటు మారినా వాటికి లెక్కలేదు. అది చూసి లోపల నవ్వుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు 9

లాపో నాతో పొద్దుటి పూజకు వచ్చాడు. కిటికీ చూడ్డానికనుకున్నాను. పూజ అయ్యేదాకా కళ్లు మూసుకునే ఉన్నాడు.

ఆగస్టు 14

నలుగురు మోసుకెళ్లి పీఠం ఎక్కించారు. మీద గుడ్డ కప్పారు. రేపు పెద్దపూజ తర్వాత తీస్తారు. మినియాతో గుడ్డ కింద తలపెట్టి ఇంకోసారి చూసొచ్చాడు. లాపో ఏమీ తినలేదు. నేను తిన్నాను. చెయ్యగలిగింది చేశాం. మిగిలింది ఆమె పని.

ఆగస్టు 15, మోక్షారోపణ పండుగ

గుడ్డ తీశారు. గుడి నిండా జనం. ఇలాంటి పటం ఈ ఊళ్లో లేదు, ఏమనాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కుడి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా దిగి పీఠం అంచుదాకా వచ్చింది. పటంలో అదే పక్కనుంచి అదే వెలుగు ఆమె చెంప మీద, బిడ్డ వీపు మీద ఉంది. బయటి వెలుగు ఎక్కడ ఆగిందో, లోపలిది ఎక్కడ మొదలైందో చూసి చెప్పడం కష్టం.

ముందు కదిలింది చీలియా. నోరున్న మనిషి, ఏమంటుందోనని చూశాను. పటం దగ్గరికి వెళ్లి, బిడ్డ పాదం కింద చెయ్యి చాపింది. జారుతున్న బిడ్డకు ఎవరైనా పట్టినట్టు, ఆలోచించకుండా చాపింది. చాపాక తనకే తెలిసి సిగ్గుపడి వెనక్కి తీసుకుంది. అక్కడే మోకరించింది. దాని వెనక సభ ఆడవాళ్లంతా, ఒకరి తర్వాత ఒకరు.

బర్నాబాగారు చివర్లో వచ్చారు. చాలాసేపు చూశారు. ఆ కుర్చీ రాతిది కదయ్యా, తల్లికి ఒక దిండు వేసుంటే బాగుండేది అన్నారు లాపోతో. అన్నాక, పటం ఉంటుంది అన్నారు.

ఇంటికొచ్చి ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. లాపో, ఉప్పు ఇటివ్వరా అన్నాడు మినియాతో. లాపో ఇచ్చాడు.

వాడి మూట విప్పి చొక్కాలు పెట్టెలో సర్దాను. వద్దనలేదు. వచ్చే పటాలకు బంగారం ఇంకా తగ్గుతుందని నాకు తెలుసు. ఇనపరేకు మాత్రం ఉంటుంది. ఏ బొమ్మకైనా కింద సుద్దపూత కావాలి. పూత వేస్తూ కూడా మరియా అనుకోవచ్చు. ఇవాళ అనుకుని చూశాను. బాగానే ఉంది.

ఆగస్టు 16

ఆఖరి కాగితం. పొద్దుటి పూజకు వెళ్లి నా చోట నిలబడ్డాను. చెవి వెచ్చబడింది. కిటికీకీ పటంలోని మరియమ్మకీ మధ్య నేను అడ్డంగా ఉన్నానని తోచింది. పక్కకు జరిగాను.